అలికిన కళ్లం

ఆ ఏడు చేలో కొర్ర వెన్ను వేయకముందే ఎండిపోయింది. అయినా కూతురు పొద్దున్నే ఫుట్‌బాల్ చంకన పెట్టుకుని వచ్చేసరికి, ధాన్యం తొక్కించే కళ్లం పేడనీళ్లతో నున్నగా అలికి, ఆరి ఉంది. నాయన రెండు ఖాళీ గంపలను గోల్‌పోస్టులుగా పెడుతున్నాడు. ఆమె అంచునే ఆగి బూట్లు విప్పబోయింది.

“విప్పొద్దు పాపా. ఏసుకునే రా.”

“కళ్లంలో చెప్పుకాలు పెడితే తిడతాంటివి కదా నాయనా?”

“చెప్పులు వేరే. ఇవి నీ పనికి కావాల్సినవి. మన ఎద్దులు నాడాలతో ఈడ తిరగలేదా?”

“ఆదివారం అనంతపురంలో సెలక్షన్లు. గోల్‌కీపర్లను దూకించే చూస్తారంట.”

“అందుకే పల్లేర్లన్నీ చెక్కేసినా. ఇంగ దూకు, మోచేతులు గీసుకుపోవు.”

“ఊర్లో నవ్వుతారు. గింజ లేని ఏడు కళ్లం అలికినాడని.”

“నవ్వనీలే.”

“నిజం చెప్పు నాయనా. పల్లేర్లు చెక్కితే సాలు కదా, మళ్లా అలికింది ఎందుకు?”

నాయన తన చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చి, బంతి తీసుకుని నేలమీద పెట్టాడు.

“అలకని కళ్లంలోకి పంటను తేకూడదు పాపా. ఈ ఏడు నాకు వచ్చింది నువ్వే కదా.”

ఆమె వంగి నేలను తాకి, ఆ వేళ్లు కళ్లకద్దుకుని, గంపల మధ్యకు పోయి నిలబడింది.

“తన్ను నాయనా. మెల్లగా కాదు, గట్టిగా.”