మామ్మ తిప్పిన చాప

— తాతా, ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి ఇక్కడ పెడుతున్నాను, నువ్వు మాట్లాడు. రేపు సాయంత్రం రుషికొండ బీచిలో అంత పెద్ద ఉత్సవానికి ఆ కమెడియన్‌నే పిలిచారు. ఉక్కు ప్లాంటు నిర్వాసితుల మీద వాడు వేసిన జోకులు విన్నావు కదా. అలాంటివాడికి వేదిక ఇవ్వడమంటే ఆ మాటలకి వంత పాడడమే. మా నిరసన శిబిరంలో నీకోసం కుర్చీ ఉంచాం. వచ్చి మాట్లాడతావా, లేదా?

ఆగు గుంటా, ఊపిరి తీసుకో. అలా గబగబా అడిగీస్తే నానేటి సెప్పాల? విన్నాను, నువ్వే కదా ఫోన్లో సూపించినావు. "ప్లాంటుకి ఊరిచ్చీసినామంటారు, ఊర్లో ఏముంది, నాలుగు తాటిచెట్లూ ఒక మేకా, దానికి మనవల దాకా ఉద్యోగాలు కావాలంట" అన్నాడు. కుర్రోడు మాటకారే, కాదనను. మేక ఒకటే అన్నాడు సూడు, అక్కడ మండింది నాకు. మనకి మేకల మందే ఉండీది.

నవ్వకు. ఎక్కిరింపులు నాకు కొత్తేటి కాదు. ప్లాంటు కోటర్లలో మా సెక్టర్లో సత్తిబాబని ఒకడుండీవోడు. కోకోవెన్లో, బొగ్గు కాల్చే కాడ, పని... కాదు కాదు, ముందర కోకోవెను, తరవాత రోలింగ్ మిల్లు. నన్ను బావా అనీవోడు, సుట్టరికం ఏటీ లేదు, ఊరికినే. మనిషి నడక ఒక్కపాలి సూసినాడంటే దింపీసీవోడు. సైరను కూత కాడ్నించి ఇంజినీరుగారి దగ్గు దాకా. వినాయకచవితి పందిట్లో ఆడి పోగ్రాం ఉందంటే తగరపువలస నించి కూడా సుట్టాలు దిగీవోలు. నాను స్టేజీ పక్కన మైకుసెట్టు సూసుకునీవోణ్ణి. పాతూర్లో ఒక సాయిబుగారి కొట్లో అద్దెకి తెచ్చీవోలం. మా మంచి మనిషి. "భాయ్, బాక్సుల మీద ఎవర్నీ కూర్చోనీకు" అని ఎప్పుడూ అదొక్కటే సెప్పీవోడు... ఏటి సెప్తన్నాను?

ఆ, తాంబూలం ఊసు సెప్పబోతన్నాను. మా పందిట్లో ఒక పద్దతుండీది, ఎవులెట్టినారో తెలీదు. ఎవుల్ని ఎక్కిరిత్తాడో ఆలింటికి ముందుగాల తాంబూలం అట్టుకెల్లి అడగాల. రెండాకులు, వక్క, అరిటిపండు. పుచ్చుకుంటే సరే. పుచ్చుకోపోతే ఆ మనిషి ఊసు స్టేజీ మీద రాకూడదు. పుచ్చుకున్నోలకి ముందు వరసలో జాగా. అప్పట్లో కుర్సీలేటి, ఎవులి సాప ఆలే తెచ్చుకుని మజ్జాన్నమే పరిసీసుకునీవోలు.

మీ మామ్మకీ తెచ్చినాడు ఒకేడు. కంపెనీవోలు కోటరిచ్చిన కొత్తలో ఆవిడ మేకని బాత్రూములో కట్టీసింది మరి. నేల నున్నగున్నాది, నీల్లు పక్కనే ఉన్నాయి, మేకకి బాగుంటాదని. మనూరోలు సానామంది అలాగే సేసినారులే. మీ మామ్మ తాంబూలం ముట్టుకోకముందే సెప్పీసినాది. "మేక ఊసు నీ ఇష్టం తమ్ముడూ. నా నడక మాత్రం పట్టకు." ఎడంకాలు ఈడ్సీది కదా, నువ్వూ సూసినావు. ఆడు దండం ఎట్టినాడు, అప్పుడు పుచ్చుకున్నాది. ఆ ఏడు మేకే మాటాడినట్టు సేసినాడు. "ఒలమ్మా, ఈ కంపెనీవోలు నాకు అద్దం కూడా ఎట్టినారే" అని. మీ మామ్మ నవ్వీ నవ్వీ పక్కావిడ మీద పడిపోనాది.

తరవాత ఆడికి పేరొచ్చినాది. టౌన్లో పోగ్రాములు, క్లబ్బుల్లో పోగ్రాములు. అక్కడ తాంబూలం ఎవులడుగుతారు? ఒకేడు మా పందిట్లో తిన్నగా కారు దిగి స్టేజీ ఎక్కీసినాడు. అంతకు ముందర మీ మామ్మ ప్లాంటు గోడెంట నడిసెల్లినాది, లోపల ఆ బొగ్గు గుట్టల్లో మన ఇల్లు ఏ పక్కనుండీదో సూసుకుందామని. గోడకి సెయ్యానించి ఏడిసినాది. ఎవులో సూసి ఆడికి సెప్పీసినారు. ఆడు స్టేజీ మీద ఎడంకాలు ఈడుసుకుంటా, గోడ తడుముకుంటా, "ఒలమ్మా, నా పొయ్యెక్కడే, నా పొయ్యి మీద ఇంత బొగ్గెవులు పోసీసినారే" అని...

జనం నవ్వినారమ్మా. బాగా సేసినాడు మరి. అదే కదా బాధ.

మీ మామ్మ లేసినాది. తిడతాదనుకున్నాను. మైకు ఆపీద్దామని స్విచ్చి మీద సెయ్యెట్టినాను కూడా. ఆవిడ నా పక్క సూసి వొద్దన్నట్టు తలాడించినాది. సాపెత్తి, దులిపి, తిప్పి పరిసి, స్టేజీకి ఈపెట్టి కూర్సున్నాది. సాపకి ఎదరా ఎనకా ఏటుంటాది? అయినా ఎత్తి, తిప్పే కూర్సున్నాది. పక్కావిడ సూసినాది. ఆవిడా లేసి సాప తిప్పినాది. ఆ వరసా, దానెనక వరసా. అరుపు లేదు, రాయి లేదు. ఈతసాపల సప్పుడొక్కటే, సర్రు సర్రుమని. నవ్వు ఎక్కడాగిందో కూడా తెలీలేదు. ఆడింకా మాటాడతన్నాడు, ఎదర అన్నీ ఈపులే. ఆల్లమ్మ ఒక్కర్తే ఆడి పక్క తిరిగి కూర్సున్నాది, కొంగు నోట్లో కుక్కుకుని. ఆవిణ్ణి సూసి ఆగిపోనాడు.

మరుసటేడు కమిటీలో గొడవ. ఇప్పుడు మీరనుకుంటన్నట్టే. ఆణ్ణి స్టేజీ ఎక్కనివ్వొద్దని కుర్రోలు బల్ల గుద్దినారు. ఆడు లేపోతే జనం రారని కొందరు. ఆఖరికి మీ మామ్మనే అడుగుదామని ఇంటికొచ్చినారు. "ఎక్కనీండి. నానెటు తిరిగి కూర్సోవాలో మాత్రం నాకు సెప్పకండి" అనీసినాది. మర్నాడు ఆడే వచ్చినాడు, తాంబూలం అట్టుకుని. టీ ఇచ్చినాది. ఉప్మా తినమన్నాది. ఆల్లమ్మ మోకాల్ల నొప్పి ఎలాగుందని అడిగినాది. తాంబూలం మటుకు ముట్టలేదు. ఆడు ఆ ఆకులు అరుగు మీద ఒగ్గీసి ఎల్లిపోనాడు. మల్ల మా పందిట్లో ఎక్కలేదు.

మంచి పనే సేసినాదా? నాకిప్పటికీ తెలీదు గుంటా. ఆడు లేని చవితి సప్పగుండీది. ఆ మేక గొంతు ఇంకోపాలి ఇనాలని మీ మామ్మే అనీది, ఇంట్లో ఎవులూ లేనప్పుడు.

ఈ కుర్రోడు ఎవులి గుమ్మం తొక్కినాడు? ఫోన్లో ఉంటాడు. ఫోనుకి ఈపు తిప్పితే ఆడికేటి తెలుత్తాది? రేపైతే ఎదర ఉంటాడు. అందుకే వత్తాను. మీ కుర్సీలో మాత్రం కూర్సోను. వేదికా, వంతా, ఆ మాటలు నాకు నోరు తిరగవు, నువ్వు రాసిచ్చినా. మీరు అరవండి, తప్పనడం లేదు. ఈ వయసులో కోపం రాపోతే ఇంకెప్పుడొత్తాది. నాను లోపలికెల్తాను. టిక్కెట్టు అక్కర్లేదన్నావు కదా? ఇసకలో ముందు వరసలో సాపేసుకుంటాను.

ముందు ఇంటాను. పెద్ద స్టేజీ కదా, ఓ మంచి మాట సెప్తాడేమో. మేక ఊసు బాగా సెప్తే నవ్వుతాను కూడా, మల్ల నన్ను తిట్టకు. గోడ కాడ ఏడిసినోల జోలికొచ్చినాడో, లేసి, ఎత్తి, తిప్పుకుంటాను. నానొక్కణ్ణే అయినా సరే.

ఆ బీరువా మీద సూడు, సుట్టిన సాప. నెమ్మదిగా దింపు, అంచు కాడ మీ మామ్మ కుట్లేసినాది. ఏటలా సూత్తన్నావు? నిన్ను రమ్మనడం లేదు, నీ శిబిరం నీది. ఇద్దరికి జాగా ఉంటాదని సెప్తన్నాను, అంతే. సల్లగుండు తల్లీ, నీ గొంతు ఎన్నేల్లయినా బొంగురు పోకుండా ఉండాల... ఇక్కడ కాదే, బైటికెల్లి దులుపు. ఆ పందిట్లో మట్టి ఇంకా ఉన్నాదేమో దాన్లో...