కిందికి దించిన కిటికీ

పాత కన్యస్త్రీల మఠాన్ని ఫ్లాట్లుగా మార్చారు. అందులో ఒకటి కొనుక్కున్న చెల్లెలు, ఒకప్పుడు అక్కడే ముప్ఫై ఏళ్లు సిస్టరుగా ఉన్న అక్కను వెంటబెట్టుకొచ్చి, తలుపు తీసింది.

"ఇది నీ గదేనక్కా. పక్కగదితో కలిపేశారు."

"అవునే, ఇక్కడ గోడ ఉండేది. మూరెడు మందం. అయినా అవతల మా మదర్ గురక ఆగేది కాదు!"

"నవ్వించకు. నిన్నెందుకు తీసుకొచ్చానో తెలుసా?"

"ఇల్లు చూపించడానికి."

"కాదు, ఉంచేసుకోడానికి. మఠం మూసేశాక ఆ హాస్టల్లో ఒక్కదానివీ ఎన్నాళ్లుంటావు? నాకు మాత్రం ఎవరున్నారు?"

"నీతో నాకు క్షణం పడదు. చిన్నప్పుడు దుప్పటంతా నువ్వే లాక్కునేదానివి."

"రెండు దుప్పట్లు కొన్నాను."

అక్క గోడవైపు తిరిగింది. కిటికీ దగ్గరికి నడిచింది.

"ఈ కిటికీ ఇక్కడ ఉండేది కాదే! ఆకాశం తప్ప ఏమీ కనబడకూడదని పైకప్పు కింద పెట్టారు."

"నేనే కిందికి దింపించాను, నీ కోసం."

"వీధి ఇలా ఉంటుందన్నమాట! అన్నేళ్లూ చప్పుళ్లే విన్నాను. అయ్యో, ఆ ఎదురు వరండాలో చూడు! ఎవడో పోకిరీ రోజూ ఈల వేస్తున్నాడని, వాడికి మంచి బుద్ధి రావాలని ప్రార్థన చేసేదాన్ని. తీరా చూస్తే ఆ ఈల ఈ చిలకదే!"

ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు.

"మరి ఉంటావా, అక్కా?"

"ముందు ఆ కుర్చీ ఇటు జరుపు. నీదీ తెచ్చుకో, నిలబడే చూస్తావా ఏం?"