ఎర్ర సాళ్ల బొంత

"అవ్వా, ఒక్క బొంత అయిపోకముందే ఇంకోటి ఎందుకు పడుతవు? మంచం మీద ఒకటున్నది, సందుగ మీద ఒకటున్నది. ఏది ముందుగాల అయితది?"

ఏదైతే అది అయితది బిడ్డా. జర గా సూదిల దారమెక్కియ్యి, నాకు కండ్లు ఆనుతలెవ్వు. ఆఁ, గట్ల. ఎందుకు పడుతనంటే ఏం చెప్పాలె... ఒక్కదాన్నే పట్టుకోని కూసుంటే చెయ్యి నడుస్తది గని మనసు నడువది. గిది ఎట్ల కుట్టాల్నో తోచకుంటే దీన్ని పక్కకు పెట్టి దాన్ని పడుత. దాన్ని కుడుతుంటే దీని సంగతి తోస్తది. గట్ల అలవాటైంది.

ఎప్పటిసందంటే, నేను మీ తాతను చేసుకోని వచ్చిన కొత్తల... కొత్తల గాదులే, మీ పెద్దనాయిన పుట్టినంక. వాడు అప్పుడు పాకుతుండె. కట్టంగూరుకు జర ఇవతల మా అత్తగారి ఊరు, నువ్వు చూసినవు గదా, ఇప్పుడు రోడ్డు మీద అన్ని హోటళ్లయినయి. గప్పుడు ఏమున్నది, అన్ని చెల్కలే, ఎర్రమట్టి. నిజాం పోయిండు గని ఆయన పైసలు ఇంక పోలే. సంతకు పోతే నిజాం హాలి పైసలు కొన్ని, సర్కారు కొత్త పైసలు కొన్ని, దారం ఉండ కొందామంటే షావుకారు ఏ పైసలు అడుగుతడో మాకు సమజే కాకపోవు. మా అత్త ఏమంటుండె, "మనకెందుకే గా లొల్లి" అనేది. పాత చీరె అంచుల్ల పోగులు గుంజి, రెండు మూడు కలిపి పేని, గవ్విటితోనే కుట్టేది. నాకు పోగు గుంజుడు గా మనిషే నేర్పింది. నా చేతుల్ల పని అంత ఆమెదే. ఊర్ల బొంత అంటే మా అత్త పేరే చెప్తుండ్రి. గని అప్పటికి ఆమెకు చూపు తగ్గింది. మనిషి ఎవరో ఆనుతది, సూది బెజ్జం ఆనది. జనం మాత్రం పాత గుడ్డలు మా ఇంటికే తెస్తుండ్రి. గవ్వి నా మీద పడ్డయి.

గా ఏడు ఏమైందంటే, మా ఆడబిడ్డ యాదమ్మ కాన్పుకు వచ్చింది. నువ్వు ఆమెను చూడలే. మంచి మనిషి, జర భయస్తురాలు. ముందుగాల ఒక పిల్ల పుట్టి దక్కలే. పుట్టంగనే పోయింది. అందుకని ఈసారి ఇంటికొచ్చిన కాడికెళ్లి ఆమెకు నిద్ర లేదు. పండుకుంటది, దిగ్గున లేస్తది, కడుపు మీద చెయ్యి పెట్టుకోని కూసుంటది. మా అత్త ఏం చేసిందంటే, తన మెత్తటి చీరెలు తీసి నాకిచ్చి, "పిల్లకు చిన్న బొంత కుట్టు నర్సీ, కుట్టు గరుకు తగలద్దు" అన్నది. గదొకటి.

రెండోది మీ తాతది. చలికాలం చేను కాడ పండుకుంటడు గదా, పైన గొంగడి ఉన్నది, కిందికి మందంగ ఒకటి కావాలె. గది నేను సజ్జచేనుకు పిట్టలు కొట్టెతందుకు పోయినప్పుడు మంచె మీద కూసోని కుట్టేది. గోనె ముక్కలు గూడ వేసి కుట్టిన, దబ్బనం పెట్టి. వేళ్లు వాచిపోయినయి.

ఇగ మూడోది. ఒకనాడు పొద్దుగాల పేడనీళ్లు చల్లుతున్న, లింగమ్మ వచ్చి దర్వాజ కాడ నిలవడ్డది. లింగమ్మ అంటే మా వాడకట్టు పిల్లనే, సాయిలు పెండ్లాం. నాకంటే చిన్నది. తొలకరి వానలప్పుడు సాయిలు చెల్క దున్నుతుంటే పిడుగుపడి పోయిండు. ఎద్దు ఒకటి పోయింది, మనిషి పోయిండు. ఇద్దరికి ఇంక పిల్లలు గాలే.

గా పిల్ల సంకల మూట పెట్టుకోని నిలవడ్డది. కూసోమంటే కూసోదు.

"అక్కా, బొంత కుట్టియ్యవా" అన్నది.

"ఏం గుడ్డలు తెచ్చినవే" అని మూట ఇప్పిన. అన్ని తెల్లధోతులు. ఒక ఎర్ర రుమాలు, తలకు చుట్టుకునేది. చూడంగనే సమజైంది నాకు.

"మా అత్త చాకలాయనకు ఇయ్యమన్నది. కొన్ని ఇచ్చిన, ఇవి దాచిన. బతుకమ్మ పండుగ పోయినంక మా అన్న వచ్చి తోలుకపోతడు. మల్ల ఇటు దిక్కు నేను రాను గదా అక్కా" అన్నది.

మా అత్త లోపట్నుంచి విన్నది. గోడ పట్టుకోని బయటికొచ్చింది. కోపం చెయ్యలే గని, "ఇంట్ల నిండు మనిషి ఉన్నది బిడ్డా. నీకు ఎర్కలేదా" అన్నది. ఆమె తప్పు లేదు. పోయినోళ్ల బట్టలు ఇంట్ల పెట్టుకోరు. గందుల యాదమ్మకు ఒకసారి గట్లయింది. ఆమె భయం ఆమెది.

లింగమ్మ కూసోని మూట మల్ల కట్టవట్టింది. ముడి వడతలేదు, ఇప్పుతది, మల్ల కడతది. మా అత్తకు గంత చూపు లేదు గని గది ఆనినట్టున్నది. "కొట్టంల పెట్టిపో. ఇంట్లకు మాత్రం తేవద్దు. నర్సీ, సూది వేరే పెట్టుకో" అన్నది.

గట్ల నాకు మూడు బొంతలు, మూడు జాగాలు అయినయి. ఇంట్ల పిల్ల బొంత, చేన్ల మీ తాత బొంత, కొట్టంల సాయిలు ధోతులు. ఒక సూది ఒకదానికి ముట్టది. దేన్ల నుంచి లేచినా చేతులు కడుక్కోవాలె. మీ పెద్దనాయిన ఒకదిక్కు పాకుతుండె, వానికి సూది అందకుండ కొప్పుల చెక్కుకునేది.

రెండు బొంతలు నడిచినయి. కొట్టంలది నడువలే. ఎందుకంటావు, ఏ బొంతకైన రంగులుంటయి గదా. పచ్చది, నీలంది, పువ్వులది, ముక్కలు కత్తిరించి మూడు మూలలు, నాలుగు మూలలు చేసి పేరుస్తం. ముక్కలే దారి చూపిస్తయి. దీన్ల ఏమున్నది, అంత తెలుపు. ఒక్క ఎర్ర రుమాలు. రుమాలును నడుమ పెట్టి చూసిన, ఏదో సమాధి మీద గుడ్డ కప్పినట్టు కొట్టింది. తీసేసిన. చుట్టు అంచు లెక్క పెట్టిన, పెండ్లిపిల్ల చీరె తీరు కనవడ్డది, గా పిల్ల చూస్తే గుండె పలుగుతది అనిపిచ్చింది. మల్ల తీసేసిన. అసలు రుమాలే వద్దు, వట్టి ధోతులే కుడుదామా అనుకుంటే, గా పిల్ల దాచి తెచ్చింది గదా, నేనెట్ల ఇడిచిపెట్టాలె. రోజు కొట్టంలకు పోవుడు, పరుచుడు, చూసుడు, మడత పెట్టుడు. పండుగ దగ్గరికొస్తున్నది. లింగమ్మ బావి కాడ కనవడితే ఏం అడుగకపోవు. నా మొఖం దిక్కు ఒకసారి చూసి బొక్కెన బావిల ఇడుస్తుండె. అడిగినా మంచిగుండునేమో.

ఒకనాడు మంచె మీద మీ తాత బొంత కుడుతున్న. వాన పడి వెలిసింది. మీ తాత కింద చెల్కల ఉలువలు చల్లెతందుకు దున్నుతున్నడు. చెల్క మీద గడ్డి ఎండి తెల్లగున్నది, బూడిద తీరు. నాగలి పోతాంటే ఎనుక ఎర్రమట్టి తేలుతాంది. ఒక సాలు అటు పోయింది, మూల కాడ తిరిగింది, ఇటొచ్చింది, మల్ల మూల కాడ తిరిగింది. బయట్నుంచి లోపటికి చుట్టుకుంట వస్తున్నడు. రోజు చూసేదే బిడ్డా. పుట్టినకాడికెళ్లి చూస్తున్న. గని పైనుంచి చూస్తే, తెల్లటి చెల్కల ఎర్ర గీతలు... నా చేతుల దబ్బనం ఆగిపోయింది. పిట్టలు సజ్జ మీద వాలినా నాకు సోయి లేదు. మీ తాత కింద్నుంచి, "ఏయ్, పండుకున్నవా ఏంది" అని కేకేసిండు.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోని కొట్టంలకే పోయిన. రుమాలు ముందట పెట్టుకోని జర ఆగిన. ముక్కలు కోసెతందుకు చెయ్యి రాలే ఇన్నిదినాలు. పోగు గుంజుడంటే వేరే గదా, కోసినట్టు గాదు. ఒక కొస పట్టి గుంజిన, మెల్లగ వచ్చింది. ఎర్రపోగు. రెండు కలిపి పేనిన. ధోతులు మడతలేసి పరిచి, బయటి అంచు కాడ మొదలు పెట్టి సాలు పోసినట్టు కుట్టుకుంట పోయిన. మూల కాడ తిరుగుడు, మల్ల పోవుడు. గప్పుడు చూడు, చెయ్యి ఎంత తొందర నడిచిందో. ఇంట్ల పిల్ల బొంత గూడ గా ఊపుల నడిచింది. దాన్ల నేను కొసల కాడికొచ్చినంక మడిచేది ఎట్లనో తెల్వక ఆపిన, సాళ్లు తిప్పంగ తిప్పంగ గది గూడ సమజైంది.

ఇగ విను. పండుగ ఇంక నాలుగు దినాలున్నదో ఐదున్నదో. పగటిపూట నేను బావికి పోయిన. బొంత కొట్టంలనే పరిచి ఉన్నది. నడుమ జరంత మిగిలింది, ఒక మూల గూడ వదులుగ ఉంటే ఇప్పి పెట్టిన. కడువ ఎత్తుకోని వచ్చేసరికి మా అత్త కొట్టం గుంజ పట్టుకోని నిలవడి ఉన్నది. లోపటికి చూస్తున్నది. నేను పోయి చూసిన గదా, యాదమ్మ గా బొంత మీద పండుకున్నది. ఇంట్ల ఉడుకపోస్తుందని వచ్చినట్టున్నది. ఒక పక్కకు తిరిగి, చెయ్యి తల కింద పెట్టుకోని, నోరు జర తెరుచుకోని, గాఢనిద్ర.

కడువ దించకనే నిలవడ్డ. మా అత్త ఏమంటదో, నేను పరిచిపెట్టి పోవద్దుండె గదా.

"లేపుదునా అత్తా" అన్న, మెల్లగ.

ఆమె బిడ్డ దిక్కే చూసుకుంట, "ఇంటికొచ్చిన కాడికెళ్లి గిట్ల పండుకున్నదా అది?" అన్నది.

"లేదు."

"మరి లేపుడెందుకు."

పోయి బిడ్డ తల కాడ కూసున్నది. కొంగుతోని ఈగలు తోలుకుంట కూసున్నది. పొద్దు దిగిందాక లేవలే. యాదమ్మ లేచి, తల్లిని చూసి బెదిరింది. మా అత్త, "అది ఎవరి గుడ్డో ఎర్కేనా నీకు" అని అడిగింది.

"ఎర్కే. సాయిలన్నవి" అన్నది యాదమ్మ. "చిన్నప్పుడు జాతరల నాకు కాళ్లు నొస్తే భుజాల మీద ఎక్కించుకోని తెచ్చిండు గదనే అమ్మా. ఆయన నాకేం చేస్తడు."

మా అత్త కండ్లు తుడుచుకున్నది. తుడుచుకోని, "నర్సీ, దారమెక్కిచ్చి ఇటియ్యి. గా ఇప్పిన మూల నేను కుడుత" అన్నది. ఎన్ని దినాలకు సూది పట్టిందో. కండ్లు మూసుకోని, వేలుతోని తడుముకుంట కుట్టింది. గట్ల కుడితే ఏమైతది, గా మూల కాడ సాలు వంకర పోయింది. నాకు కనవడుతున్నది. ఇప్పి మల్ల కుడుదామా అని మనసుల ఉన్నది, గని ఎట్ల ఇప్పుత చెప్పు. గట్లనే ఉంచిన.

బతుకమ్మ వేసిన తెల్లారి లింగమ్మ వచ్చింది. వాళ్లన్న బండి కట్టుకోని వచ్చిండు, హుజూర్‌నగర్ దిక్కు వాళ్ల ఊరు. నేను బొంత అరుగు మీద పరిచిన. గా పిల్ల కూసున్నది. వేలు బయటి సాలు మీద పెట్టి, గట్లనే జరుపుకుంట జరుపుకుంట పోయింది, మూల తిరిగింది, మల్ల పోయింది. వంకర ఉన్న కాడికి వచ్చి ఆగింది.

"గాడ జర వంకర పోయింది లింగమ్మా" అన్న.

"మా ఆయనకు గూడ గా మూల వంకరనే పోతుండె అక్కా" అన్నది. "ఎడమ ఎద్దు తిరుగకపోవు, మొండిది. రోజు దాన్ని తిట్టెటోడు." అని నవ్వింది. తొలకరిసంది గా పిల్ల పండ్లు మేం చూడలే. నవ్విందే, నవ్వుకుంటనే ఏడ్చింది. మా అత్త ఆమె వీపు మీద చెయ్యేసి రాసింది. యాదమ్మ పోయి ఇన్ని అటుకులు, బెల్లం తెచ్చి కొంగుల కట్టింది. బండి పోయింది.

యాదమ్మకు గా వారంలనే ఆడపిల్ల పుట్టింది. మంచిగ ఏడ్చింది, ఊరంత ఇనవడ్డది. పిల్ల బొంత ఒక అంచు అట్లనే మిగిలితే, పిల్లను ఒళ్ల పెట్టుకోని కూసోనే కుట్టిన.

లింగమ్మనా? కనవడ్డది. చాన ఏండ్లకు. మీ తాత, నేను ఎడ్లు కొనెతందుకు హుజూర్‌నగర్ అంగడికి పోయినం. ఎవరో ఎనుకకెళ్లి "అక్కా" అని చెయ్యి పట్టుకున్నది. ఒళ్లు చేసింది, ఎంబడి ఒక ఆడపిల్ల. మారుమనువు చేసిండ్రంట వాళ్లన్నలు. ఆయన మంచోడేనని చెప్పింది. నాకు బొంత సంగతి అడుగాలనే ఉన్నది, ఎట్ల అడుగాలె. ఆమెనే చెప్పింది.

"కొత్త ఇంటికి గూడ తీసుకపోయిన అక్కా. ఎవరిదని అడిగిండు, చెప్పిన. ఏమన్లే, గని కప్పుకోలే. నేను సందుగల పెట్టిన" అన్నది. "రెండో చలికాలం గీ పిల్లకు జరమొచ్చి గజగజ వణికింది. ఇంట్ల ఉన్నయన్ని కప్పినం, ఆగలే. ఆయనే లేచి, సందుగ తెరిచి, గా బొంత తీసి కప్పిండు. అప్పటిసంది బయటనే ఉంటది."

గంతే చెప్పింది. మీ తాత పిలిస్తే నేను పోయిన. మల్ల కలువలే. యాడున్నదో, ఉన్నదో లేదో... ఉంటే సల్లగుండాలె.

నువ్వు గూడ సల్లగుండు బిడ్డా. నువ్వు కప్పేటోళ్లు, నిన్ను కప్పేటోళ్లు ఇంటినిండ ఉండాలె. ఇగ జర జరుగు, కాళ్లు చాపుకుంట... గా కిటికి దగ్గరికెయ్యి, గాలి కొడుతాంది...