వంక పెట్టలేని వంకర కత్తి

హిందూపురం సంతలో, టార్పాలు నీడన మడత కత్తులు అమ్మే అంగడికి ఒక రైతమ్మ వచ్చింది.

“ఆ వంకర కత్తి చూపియ్యప్పా.”

“అది మగోళ్లు వాడేదమ్మా. మీ ఆయన్ను పంపు.”

“ఆయన కాలిరిగి మంచమెక్కినాడు. ఈ పంటకు పట్టుపురుగులకు మేత కోసే పని నాదే. ఒక చేత మల్బరీ కొమ్మ పట్టుకుంటే, రెండో చేత్తోనే కత్తి తెరవాల.”

“ఒంటిచేత్తో నీకు రాదులేమ్మా.”

“ఇదో, టక్కున తెరిసినా. సూసినావా?”

“అబ్బో! దేన్నన్నా కోసి సూడు మరి.”

“ఈడ యాలాడే తాడు కోస్తా. ఆహా, జారకుండా కొరికి తెంపింది! వంకరదే గానీ వంక పెట్టేదానికి లేదు.”

“అమ్మా! అది టార్పాలు తాడు! మొత్తం నా మీద పడింది!”

“ఉండప్పా, టార్పాలు కోసి నిన్ను బయటికి తీస్తా.”

“వద్దు తల్లీ! ఆ కత్తి నీకే తగింది. మడిసి సంచిలో ఏసుకో!”