జంబన్న ఊదిన ఊపిరి

హగరి స్టేషన్ ముందర, కెంచప్ప టీ అంగడిలో గ్లాసు చేతబట్టుకొని అందుకున్నాడు మిషన్ ఆసుపత్రి వాచ్‌మన్ జంబన్న.

"అమెరికా నుంచి డాక్టర్లు వచ్చినారు గదప్పా, మన నర్సులకు, మంత్రసానులకు పదైదు దినాలు పాఠం చెప్పేకి? పొద్దున్నే ప్రార్థన అయినాక, పుట్టి ఏడవని బిడ్డకు ఊపిరెట్ల పొయ్యాల్నో పెద్ద దొర రబ్బరు బొమ్మ మీద చూపిస్తాండాడు. నేను వాకిట్లో నిలబడి, 'దొరా, అంత గట్టిగా ఊదొద్దు, పసిదానికి బుగ్గలో గాలే చాలు' అంటి."

"నీకు ఇంగ్లీషు యాడొచ్చు?" అన్నాడు కెంచప్ప.

"సైగ చేస్తినప్పా! దొర కుర్చీ నాకిచ్చి, తాను కింద కూర్చొని నోటుబుక్కు తీసె. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అప్పుడే సిరిగేరి నుంచి బండిమీద కానుపు కేసు వచ్చె. బిడ్డ నీలంగా ఉండాది, కిక్కురుమనల్యా. డాక్టర్లంతా నా మొగం చూసిరి. రెండే తూర్లు ఊదితి. ఏడ్చేది కాదప్పా, లేచి కూర్చొని 'అమ్మా, ఆకలి' అనె!"

"హౌదా!" టీ తాగేది మరిచిపోయాడు బెంచీ మీది ముసలాయన వీరభద్రప్ప. "తెలుగులోనా, కన్నడంలోనా?"

"ఆకలి అనేది తెలుగులో, అమ్మా అనేది కన్నడంలో. రెండు భాషలూ ఆడే సిరిగేరి బిడ్డ గదా! ఇంగ ఆ సుద్ది ఆగుతాదా? దేశనూరోళ్లు చచ్చిన ఎనుమును తెచ్చిరి. ఊదితే లేచి, నిలబడిన పాట్న పాలిచ్చె. మొన్న గుంతకల్లు ప్యాసింజరు ఈడనే ఆవిరి చాలక నిలబడె గదా? డ్రైవరు నా కాళ్లు పట్టుకొనె. పొగగొట్టంలో నోరు పెట్టి ఊదితి చూడు, బ్రేకు ఏసినా గుంతకల్లులో నిలబడలేదంట!"

మూలన రైలు కోసం కూర్చున్న మంత్రసాని సుంకలమ్మ ఇటు తిరిగింది. ఆ పాఠానికి పోయినవాళ్లలో ఆమె ఒకతె.

"జంబన్నా, ఆ బొమ్మను చూసి చచ్చిన బిడ్డ అనుకొని దబ్బున పడిపోయిందెవరప్పా?"

జంబన్న గ్లాసు కింద పెట్టి లేవబోయాడు. సుంకలమ్మ వదల్లేదు.

"దొర బొమ్మను పక్కన పెట్టె. మూర్ఛపోయినోళ్లకు కాళ్లెట్ల ఎత్తాల్నో, దవడెట్ల పట్టాల్నో, ముప్పైమందిమి వరసగా నీమీదే నేర్చుకొంటిమి. మధ్యలో తెలివొచ్చినా, సిగ్గుకు నువ్వు కండ్లు తెరవకపోతివి."

అంగడంతా నవ్వింది. వీరభద్రప్ప మాత్రం ఆమె వైపు జరిగాడు. "మరి ఆ సిరిగేరి బిడ్డ కత కూడా అబద్ధమేనా తల్లీ?"

"అది నిజమే. దొర నన్నే ఊదమని చెయ్యి చూపిచ్చె. మూడు తూర్లు ఊదినా కదల్లేదు. నాలుగో తూరికి..."

"ఏమనింది?"

"ఏడ్చిందప్పా," అంది సుంకలమ్మ. "అంతకంటే ఏం గావల్ల?"