వేపపువ్వు రత్తమ్మ

రా అమ్మా మైథిలీ, ఆ మంచమ్మీద కూర్చో. అక్షయా, నువ్వూ ఈ తాత దగ్గరికి రావే తల్లీ. బుగ్గలకి ఆ రంగేంటి, మోదుగుపూల రంగా? బాగుంది. మీ బళ్ళో పిల్లల వసంతోత్సవం అయిపోయిందన్నమాట. ఎల్లుండి ఉగాదైతే ఇవాళే చేసేశారు, సరే, మీ కాలం మీది. పచ్చడి తెచ్చావుగా, తాగా, సగం తాగి పక్కన పెట్టా. ఏమనుకోకు, నేను ఉన్నమాట అంటా. ఇది ఉగాది పచ్చడి కాదమ్మా, పానకం. ఉత్త పానకం. తెల్లారకముందే లేచి, పెరట్లో చెట్టుకింద ఎండాకుల్లో వంగి వంగి ఏరి, పొట్లం కట్టి పంపించానే, ఆ వేపపువ్వంతా ఏం చేశావ్? వేశావా? వేస్తే నాకు తెలీదా? నాకు చదువంటే సంతకం దాకే గానీ, నాలిక మాత్రం ఎనభై ఉగాదులు చూసింది. పిల్లలు మొహం చిట్లిస్తారని తీసేసుంటావ్. నడుం పడిపోయేలా ఏరా. దానికి తోడు మడమకి ముల్లు కూడా దిగింది. నిద్ర చాల్లేదు, ఇదుగో, రెప్పలు వాలిపోతన్నాయి.

రత్తమ్మ ఉంటే నిన్ను వీధిలో నిలబెట్టి కడిగేసేది. నీకు తెలీదులే, ఎట్టా తెలుస్తుంది, మనిషి పోయి యాభై ఏళ్ళయింది. ఇదే వీధి. అప్పట్లో ముక్త్యాలలో సిమెంటు ఫ్యాక్టరీ లేదు, లారీల్లేవు, పేట టౌనుకి వెళ్ళాలంటే ఎడ్లబండే. రత్తమ్మకి పిల్లల్లేరు, వీధిలో పిల్లలంతా ఆమె పిల్లలే. ఉగాది పొద్దున మమ్మల్నందర్నీ అరుగు మీద వరసగా కూర్చోబెట్టేది. పచ్చడి తర్వాత. ముందు వేపపువ్వు, ఉత్తదే, బెల్లం లేదు ఏం లేదు, చిటికెడు నాలిక మీద వేసి మొహంలో మొహం పెట్టి చూసేది. "చిట్లించరా! ఇంకా చిట్లించు! ఆఁ, అదీ! నువ్వు బతికావు పో." చిట్లించినోడికి మామిడిముక్క, బెల్లంగడ్డ. మాకదో ఆట. ఎందుకమ్మా అంటే, ఎండలు ముదిరితే పురుగూ పుట్రా బయటికొస్తాయి, మీరు చూస్తే చెట్లకింద పువ్వులంటూ కాయలంటూ తిరుగుతారు, విషం తగిలిన నోటికి చేదు తెలీదురా, వేపైనా తియ్యగుంటుంది అనేది. పాము కరిచిందని అనుమానమొస్తే అందరూ అంతేగా, వేపాకు నమిలించి చూసేవాళ్ళు. ఈమె మాత్రం ఏమీ కాకముందే, ఏటా, అందరికీ చూసేది.

మంచిదంటావా? నన్నడుగు. ఆమెకీ మా నాన్నకీ గోడ తగువు. మా పెరటిగోడ జానెడు ఆమె వైపు జరిపాడని పెద్దమనుషుల్లో పెట్టింది. జరపలేదు. ఇప్పటికీ కొలుచుకోవచ్చు, రా, చూపిస్తా. సరే, అది వదిలెయ్.

నాకు పదకొండేళ్ళు, మా చెల్లెలు అమ్మణ్ణికి ఐదు. ఇదుగో, నీ కూతురు కంటే ఏడాది పెద్దదేమో. ఆ ఉగాదికి కొత్త పరికిణీ, కనకాంబరం రంగు. అరుగు మీద నా పక్కనే కూర్చుంది. రత్తమ్మ పువ్వు వేసింది. ఇది చప్పరించి, "తియ్యగుందత్తా, ఇంకొంచెం పెట్టవా" అంది. మేమంతా నవ్వాం. రత్తమ్మ నవ్వలా. పళ్ళెం కింద పెట్టేసి దాని పాదాలు రెండూ ఒళ్ళోకి తీసుకుని తిప్పి తిప్పి చూస్తా, నన్నడిగింది: "దీన్ని పొద్దున ఎక్కడికి తీసుకెళ్ళావురా?"

గోడవతల చెత్తదిబ్బ పక్కనుండే చెట్టుకిందకి తీసుకెళ్ళా. అటెళ్తే తోలు తీస్తానన్నాడు మా నాన్న. అందుకని, "ఎక్కడికీ లేదు" అన్నా.

"ఒరేయ్, నిజం చెప్పరా, నీ కాళ్ళు పట్టుకుంటా" అంది. అంత పెద్దది, నన్ను. నేను మళ్ళీ అదే చెప్పా. రత్తమ్మ అమ్మణ్ణిని చంకనేసుకుని మా ఇంటికి పరిగెత్తి, "బండి కట్టండి, పేట ఆసుపత్రికి తీసుకెళ్ళండి" అని అరుస్తుంటే మా నాన్న, "పండగపూట నా గుమ్మంలో శోకాలేంటి" అని గెంటేశాడు. నావైపు తిరిగి, ఎక్కడికైనా వెళ్ళార్రా అనడిగాడు. మూడోసారి కూడా లేదన్నా. అమ్మణ్ణి అమ్మ ఒళ్ళో పడుకుని, "నిద్దరొస్తంది, రెప్పలు లేవట్లేదమ్మా" అంది. మధ్యాహ్నానికి అయిపోయింది.

నోరు పెట్టి చంపిందని వీధంతా రత్తమ్మనే అన్నారు. నేనూ అన్నా. ఆ తర్వాత ఒక్క తల్లీ బిడ్డని పంపలేదు. అయినా ప్రతి ఉగాదికీ ఆ పళ్ళెం ముందు పెట్టుకుని ఖాళీ అరుగు మీద మధ్యాహ్నం దాకా కూర్చునేది, పోయేదాకా. నేనటు వెళ్తే మాత్రం, "ఒరే కుటుంబరావూ, నోరు తెరువు, ఒక్క చిటికెడు" అనేది. పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా. నేను మొహం తిప్పుకుని పోయేవాణ్ణి. ఏం, నేను అబద్ధం చెప్తే మాత్రం పెద్దదానికి తెలీదా? లాక్కెళ్ళొచ్చుగా ఆసుపత్రికి? దాన్నిప్పటికీ క్షమించలా. ఎవరికీ చెప్పలా ఇది, నీకే. ఎందుకు చెప్తున్నానో కూడా తెలీదు. పొద్దున చెట్టుకింద పువ్వేరుతుంటే నా వెనకే ఎవరో ఏరుతున్నట్టు ఆకులు గలగలమన్నాయి. తిరిగి చూస్తే ఎవరూ లేరు. రత్తమ్మేమోలే అనుకున్నా, నవ్వొచ్చింది. అప్పుడే ముల్లు గుచ్చుకుంది.

ఏయ్ అక్షయా, ఆ గ్లాసు నాది, ఎంగిలే... ఏంటే? ఎందుకట్టా ఊసేస్తన్నావ్? చేదా? అంత చేదా?

మొహం చూడు, ఎట్టా చిట్లించిందో.

ఇటియ్యి ఆ గ్లాసు.

...

అమ్మా మైథిలీ. మీ ఆయన కారు ఇంటి దగ్గరే ఉందా? ఏం లేదు, ఊరికే. ఆసుపత్రిలో అడిగితే నేను చెప్పలేకపోతానేమో, నువ్వు గుర్తుపెట్టుకో. తెల్లారకముందు. పెరట్లో చెట్టుకిందకి. నేనే వెళ్ళా.