అందని బెల్లు

ఒహాయోలో ఒక వృద్ధుల నర్సింగ్ హోం. అక్కడుండే వృద్ధుల తరఫున మాట్లాడటానికి జీతం లేకుండా వారం వారం వచ్చే ఆమె, ఒక ముసలామె మంచం పక్కన కూర్చుంది.

“ఇదేంటమ్మా, నర్సుల్ని పిలిచే బెల్లు తీసుకెళ్లి గోడ మేకుకి కట్టేశారు? మీ చెయ్యెలా అందుతుంది?”

“అందకూడదనేగా కట్టింది! ఊరికే నొక్కుతున్నానట.”

“ఊరికే నొక్కారా?”

“పక్క తడిస్తే నొక్కానులే.”

“ఇప్పుడే వెళ్లి అడుగుతాను. మీరు సరేనంటే చాలు.”

“అననమ్మాయ్. నీ మెడలో ఆ గుర్తింపు బిళ్ల చూస్తేనే వాళ్లకి ఒళ్లు మంట. మొన్న ఈ గదిలోనే ఉండే లొరేన్ సరేనంది. నువ్వెళ్లి అడిగావు.”

“అడిగితే ఆవిడ బెల్లు ఆవిడకిచ్చేశారు కదా?”

“ఇచ్చారు. మోగుతూనే ఉంది, ఒక్కరూ రాలేదు. అదిగో, ఆ ఖాళీ మంచం ఆవిడదే.”

“అయ్యో! నాకెవరూ చెప్పలేదే.”

“నువ్వు సాయంత్రానికి ఇంటికెళ్లిపోతావు తల్లీ. నేనిక్కడే ఉండాలి.”

“మీరు ఒప్పుకోనిదే నేను నోరెత్తకూడదు, అది మా పద్ధతి. మరి నన్నేం చెయ్యమంటారు?”

“ఆ ముడి విప్పి బెల్లు నా చేతిలో పెట్టు. నువ్వున్నంతసేపూ పట్టుకుంటాను.”

“ఇదిగోండి.”

“వెళ్లేటప్పుడు మళ్లీ అక్కడే కట్టెయ్. ముడి అచ్చం వాళ్లు వేసినట్టే ఉండాలి సుమా.”